దీపం మీద కుంచం బోర్లిస్తున్నది మనమే

"బళ్ళో ఇవన్నీ చెప్పమాకమ్మా, ఎందుకొచ్చిన గొడవ."

పల్నాడులో ఇరవై ఏళ్ళుగా సండే స్కూల్లో పాఠం చెబుతున్నాను. పిల్లల్ని దించడానికి వచ్చే తల్లుల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తెల్లవారుజామునే లేచి ప్రార్థన చేసుకునే తల్లులు, ఉపవాస కూటాలకు కూలి మానుకుని వచ్చే తండ్రులు. అయినా బిడ్డ బడికి బయల్దేరేటప్పుడు మెళ్ళో సిలువ గొలుసును చొక్కా లోపలికి తోసి, పైబొత్తాం పెట్టి మరీ పంపుతారు.

నిరుడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల శుక్రవారం ఉపవాసం ఉంది. మధ్యాహ్నం స్నేహితురాళ్ళు క్యారేజీలు విప్పుకుంటూ, నువ్వెందుకు తినడం లేదే అని అడిగారు. కడుపునొప్పి అని చెప్పింది. ఆదివారం పాఠం అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికొచ్చింది. "సార్, ఉపవాసం ఉండి అబద్ధం ఆడాను. ఆ ఉపవాసం దేవుడి దగ్గర లెక్కలోకి వస్తుందా?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. ఆ అబద్ధం ఆ పిల్లది కాదు. ఇంట్లో, గుడిలో, పెద్దవాళ్ళమంతా కలిసి నేర్పింది. ఎదిగే పిల్లలు తమ విశ్వాసం గురించి స్నేహితుల దగ్గర నోరు విప్పకుండా ఉండడమే క్షేమమనే ఆలోచన మన ఇళ్ళల్లో పాతుకుపోయింది. అది వివేకమని పేరు తెచ్చుకుంది. అది వివేకం కాదని, మన బిడ్డలకు మన చేతులతో మనం చేస్తున్న నష్టమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా అందరూ చెప్పే మాట: "విశ్వాసం ఎవరి మనసులో వాళ్ళది. బయట పెట్టేది కాదు." వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది. మరి మన ఊళ్ళ సంగతి చూడండి. కార్తీకం వచ్చిందంటే పదో తరగతి కుర్రాడు అయ్యప్ప మాల వేసుకుని, నల్లబట్టలతో, చెప్పులు లేకుండా బడికొస్తాడు. నలభై ఒక్క రోజులూ తోటి పిల్లలు అతన్ని 'స్వామీ' అని పిలుస్తారు. వాళ్ళతో పాటు మన పిల్లలూ పిలుస్తారు. రంజాన్ నెలలో ముస్లిం పిల్ల మంచినీళ్ళు కూడా ముట్టదు. ఆటల పీరియడ్‌లో ఆమెను చెట్టునీడన కూర్చోబెడతారు. తెలుగునేల మీద భక్తి ఎన్నడూ తలుపు చాటున దాక్కోలేదు. నుదుటి మీద బొట్టులో, తలమీద టోపీలో, వాకిట్లో ముగ్గులో, వీధిలో ఊరేగింపులో కనబడుతూనే ఉంది. ఊరంతా పగటి వెలుగులో చేసేదాన్ని మన పిల్లలు మాత్రం దొంగతనంగా చేయాలని మనకెవరు చెప్పారు? ఊరు చెప్పలేదు. చాలావరకు మనమే చెప్పుకున్నాం.

దీనికి వాక్యాన్నే సాక్ష్యంగా తెచ్చేవాళ్ళున్నారు. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపేసుకోమని ప్రభువే చెప్పాడు కదా అంటారు. చెప్పాడు. వీధి మూలల్లో నిలబడి నలుగురూ చూడాలని ప్రార్థన చేసేవాళ్ళను ఉద్దేశించి చెప్పాడు. ఆయన తప్పుపట్టింది ఆడంబరాన్ని. అదే కొండమీది ప్రసంగంలో, దానికి కాస్త ముందే, దీపం వెలిగించి కుంచం కింద ఎవరూ పెట్టరని కూడా చెప్పాడు. మెచ్చుకోలు కోసం చేసే ప్రార్థనకు తలుపు వేయమన్నవాడు, అడిగినవాడికి నిజం చెప్పే నోటికి తాళం వేయమనలేదు. తలుపేసుకుని ప్రార్థన చేసుకున్న పిల్ల, తలుపు తెరుచుకుని బయటికొచ్చాక "నేను ప్రార్థన చేసుకుంటాను" అని చెప్పడానికి వణకనక్కర్లేదు.

రెండో మాట: "ఇది చదువుకునే వయసు. ముందు మార్కులు, ర్యాంకులు. విశ్వాసం సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు." ఈ మాట అనే ఇళ్ళల్లోనే ఇంటర్ పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీ హాస్టళ్ళలో ఉంటారు. అక్కడ ఆదివారం కూడా పరీక్షే. రెండేళ్ళపాటు గుడి గడప తొక్కరు. పక్క మంచం మీది స్నేహితుడికి కూడా తానెవరో చెప్పుకోరు. ఆ తర్వాత ఇంజనీరింగులో చేరి, ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాక, "మా వాడు చర్చికి వెళ్ళడం మానేశాడండీ, ప్రార్థన చేయండి" అని అదే తల్లి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. పదహారేళ్ళప్పుడు మాట్లాడొద్దన్న విషయం ఇరవై ఆరేళ్ళకు ఎలా మాట్లాడతాడు? వాడని నాగలికి తుప్పు పడుతుంది.

కౌమారం అంటేనే స్నేహం. ఆ వయసులో అమ్మకు చెప్పని సంగతులు స్నేహితురాలికి చెబుతారు. ఎవరి మీద మనసు పడిందీ చెబుతారు, నాన్న తాగొచ్చి కొట్టిన సంగతి చెబుతారు, లెక్కల్లో తప్పిన సంగతి చెబుతారు. అన్నీ చెప్పుకునే ఆ ఒక్క మనిషి దగ్గర, పొద్దున్నే మోకాళ్ళ మీద ఎవరి పేరు పిలుస్తుందో అది మాత్రం దాచమంటే ఆ పిల్లకు ఏమర్థమవుతుంది? ఇది సిగ్గుపడాల్సిన విషయమని అర్థమవుతుంది. నోటితో మనం ఏసు గొప్పవాడని పాడిస్తాం. మన భయంతో, ఆయన పేరు చెబితే పరువు పోతుందని నేర్పుతాం. పిల్లలు పాటను మరిచిపోవచ్చు గానీ భయాన్ని మరిచిపోరు.

ఇంకో సంగతి ఉంది. చెప్పుకున్న నమ్మకానికే ప్రశ్నలు ఎదురవుతాయి. మా సండే స్కూలు కుర్రాడు ఒకడు తన స్నేహితుడితో మా అమ్మకు జ్వరం వస్తే ప్రార్థన చేశామని చెప్పాడట. "మా తాతకు మేమూ మొక్కుకున్నాం, చనిపోయాడుగా. మీ దేవుడైతే బతికించేవాడా?" అని ఆ స్నేహితుడు అడిగాడు. వీడు జవాబు తెలియక నా దగ్గరికొచ్చాడు. ఆ ప్రశ్న పట్టుకుని మూడు ఆదివారాలు యోబు గ్రంథం చదువుకున్నాం. పరీక్షల కోసం వచనాలు కంఠస్థం చేయించిన పదేళ్ళలో ఆ కుర్రాడికి అంటనిది, ఆ ఒక్క ప్రశ్నతో అంటింది. ప్రశ్న తగలని విశ్వాసం నారుమడిలోనే ఉండిపోయిన నారు. పీకి పొలంలో నాటితేనే వేరు పట్టుకుంటుంది.

చిన్నపిల్లలకేం తెలుసు అనేవాళ్ళు రాజుల రెండో గ్రంథంలో నయమాను ఇంటి పనిపిల్లను తలుచుకోవాలి. ఇశ్రాయేలు దేశం నుంచి సిరియా దండు చెరపట్టుకొచ్చిన చిన్నది. ఇల్లు లేదు, తనవాళ్ళు లేరు, పేరు కూడా గ్రంథంలో లేదు. యజమానికి కుష్ఠు. దాచుకోవడానికి ఆ పిల్లకున్నన్ని కారణాలు మన పిల్లల్లో ఎవరికీ లేవు. అయినా షోమ్రోనులో ఒక ప్రవక్త ఉన్నాడని, ఆయన దగ్గరికి వెళితే అయ్యగారికి నయమవుతుందని యజమానురాలితో ఒక్క మాట అంది. అంతే. వెంటపడలేదు, వాదించలేదు, రమ్మని చెయ్యి పట్టి లాగలేదు. వెళ్ళాలో వద్దో నయమానే నిర్ణయించుకున్నాడు. పిల్లల సాక్ష్యం అంటే నేను ఇన్నేళ్ళూ చెబుతున్నది ఇదే: ఎదుటి మనిషి బాధ చూసి, ప్రేమతో, తనకు తెలిసిన నిజం ఒక్క మాట చెప్పడం.

మూడో మాట అసలైన భయం: "చెబితే మతప్రచారం అంటారు, మార్పిడి అంటారు. గొడవలవుతాయి." ఈ రోజుల్లో ఈ భయాన్ని కొట్టిపారేయలేను. అయితే భయపడేవాళ్ళు చట్టం ఏం చెబుతోందో కూడా తెలుసుకోవాలి. రాజ్యాంగంలోని 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛనూ, తన మతాన్ని ప్రకటించుకునే, ఆచరించే, ప్రచారం చేసే హక్కునూ ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి వ్యక్తులందరికీ ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకేనని రాయలేదు. ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో, తన మత సిద్ధాంతాలను వివరించి చెప్పడం ఆ హక్కులో భాగమేనని కూడా చెప్పింది. మా పిల్ల స్నేహితురాలితో "నేను శుక్రవారం ఉపవాసం" అనడం మార్పిడి కాదు, ప్రచారం కూడా కాదు. అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు.

1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. బిజో ఇమ్మానుయేలు, అతని చెల్లెళ్ళు బిను మోల్, బిందు. యెహోవా సాక్షుల కుటుంబం. జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు కారు, తమ నమ్మకం ఒప్పుకోదని చెప్పేవారు. వాళ్ళ సిద్ధాంతం నాది కాదు. నేను జాతీయగీతం పాడతాను, మా పిల్లల చేత పాడిస్తాను. కానీ ఆ పిల్లలు కడుపునొప్పని సాకు చెప్పి అసెంబ్లీ ఎగ్గొట్టలేదు. ఎవరినీ కించపరచలేదు. అందరితో పాటు నిలబడి, అడిగితే కారణం చెప్పారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి బళ్ళో చేర్చుకోమంది. మన సంప్రదాయం, మన తత్వచింతన, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే నేర్పుతున్నాయని, దాన్ని పలచన చేసుకోవద్దని ఆ తీర్పు ముగుస్తుంది. అది రాసిన న్యాయమూర్తి మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. దాక్కున్న పిల్లల కోసం ఏ కోర్టూ తీర్పు రాయలేదు. నిజం చెప్పి నిలబడిన పిల్లల వల్ల దేశంలోని పిల్లలందరికీ ఒక రక్షణ దొరికింది.

ఇక నాలుగో మాట. దీన్ని వేదికల మీద ఎవరూ అనరు. ఇంట్లో గొంతు తగ్గించి అంటారు: "కులం సర్టిఫికెట్టు." దళిత క్రైస్తవుల ఇళ్ళల్లో పిల్లవాడికి రెండు పేర్లెందుకుంటాయో, గుడిలో ఒకటి, బళ్ళో ఒకటి ఎందుకో మనందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులను ఈనాటికీ చేర్చలేదు. మన రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. మాలపల్లె, మాదిగపల్లె పేరు పెట్టి పిలిచేవాడు గుడి మారిందని పిలుపు మార్చుకోలేదు. హోదా మాత్రం పోయింది. ఈ అన్యాయాన్ని సరిచేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ముడి ఇంకా వీడలేదు.

ఈ విషయంలో ఆ తల్లిదండ్రుల మీద రాయి వేయడానికి నా చెయ్యి లేవదు. తరతరాల ఆకలి తర్వాత అందిన చదువును బిడ్డ నోటి నుంచి లాక్కోమని ఎవరికీ చెప్పను. ఆ లెక్క ఆ కుటుంబానికి, దేవుడికి, ఈ చట్టం చేసినవాళ్ళకి మధ్య ఉన్నది. పద్నాలుగేళ్ళ పిల్ల నెత్తిన పెట్టేది కాదు. కానీ ఒక్కటి అడుగుతాను. సర్టిఫికెట్టు సమస్య లేని ఇళ్ళల్లో కూడా ఇదే మౌనం ఎందుకుంది? కమ్మ, రెడ్డి క్రైస్తవుల పిల్లలు, మిషను ఉద్యోగుల పిల్లలు, పాస్టర్ల పిల్లలు కూడా కాలేజీలో నోరెందుకు మెదపరు? పేదవాడి నిస్సహాయతను తెచ్చి మన పిరికితనం మీద కప్పుకుంటున్నాం. ఇంకో మాట. నోరు కట్టేసుకున్న సమాజానికి న్యాయం అడిగే గొంతు కూడా ఉండదు. ఈ ఉత్తర్వు మారాలని రేపు నిలబడి అడగవలసింది ఈ పిల్లలే. తామెవరో చెప్పుకోవడం రానివాళ్ళు తమ హక్కు ఏమని అడుగుతారు?

దాచడానికి ఎస్తేరు కథను అడ్డం పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. నీ జాతి సంగతి, నీ వంశం సంగతి ఎవరికీ చెప్పొద్దని మొర్దెకై ఎస్తేరుకు చెప్పలేదా అంటారు. చెప్పాడు. రెండో అధ్యాయంలో చెప్పాడు. మన తల్లిదండ్రులు అక్కడే ఆగిపోతున్నారు. నాలుగో అధ్యాయంలో అదే మొర్దెకై గోనెపట్ట కట్టుకుని, ఇప్పుడు నువ్వు మౌనంగా ఉంటే కుదరదని అదే ఎస్తేరుకు కబురు పంపాడు. దాచమన్న పెద్దాయనే చెప్పమన్నాడు. కాలం ఎరిగి చిన్నపిల్లను కాపాడడం, ఎదిగాక ఆమెను నిలబెట్టడం, రెండూ పెద్దల పనే. మనం మొదటిది చేసి రెండోదాన్ని మరిచిపోయాం.

మన పెద్దలు ఇలా లేరు. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకుని, తన వాళ్ళ మధ్యకు వెళ్ళి తాను విన్నది చెప్పాడు. చదువు లేదు. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య 1912 నుంచి పనిచేసిన కాలంలో, బాప్తిస్మం తీసుకున్న కూలిజనం చేత చెయ్యి తలమీద పెట్టించి, ఈ సంగతి నలుగురికీ చెబుతామని ప్రమాణం చేయించేవారు. వాళ్ళకు పోగొట్టుకోవడానికి రోజు కూలి తప్ప ఏమీ లేదు, ఆ కూలే పోయే ప్రమాదం ఉండేది. అయినా చెప్పారు. వాళ్ళు దాచుకుని ఉంటే ఈ రోజు మనకు దాచుకోవడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

అయితే నోరు విప్పడమంటే ఏమిటో కూడా తేటగా చెప్పాలి. ఎందుకంటే ఈ మౌనం వెనుక ఒక న్యాయమైన జంకు ఉంది. మైకు పట్టుకుని పక్కవాడి దేవుడిని తిట్టే ప్రసంగీకులు మనలో ఉన్నారు. వాళ్ళను చూసి, సాక్ష్యమంటే ఇదేనేమో, నా స్నేహితుడిని నేనూ ఇలా నొప్పించాలేమోనని పిల్లలు భయపడతారు. ఆ భయం మంచిది. దాన్ని పోగొట్టే మార్గం మౌనం కాదు, మర్యాద నేర్పడం. నిరీక్షణకు కారణం అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న పేతురు, ఆ చెప్పడం సాత్వికంగా, మర్యాదగా ఉండాలన్నాడు. మనం మొదటి సగమే చదివి కేకలేస్తాం, లేదా రెండూ వదిలేసి ఊరుకుంటాం.

వినాయక చవితికి వీధి పిల్లలంతా పందిరి వేస్తుంటే మన కుర్రాడు వాసాలు మోయవచ్చు. ప్రసాదం పెడితే "మా ఇంట్లో తీసుకోమురా, ఏమనుకోకు" అని చేతులు జోడించి చెప్పవచ్చు. తీసుకోనని మూతి ముడవనక్కర్లేదు, తీసుకుని చాటున పారేయనక్కర్లేదు. ఈ రెండో పనే అసలైన అవమానం, స్నేహితుడికీ దేవుడికీ కూడా. పరీక్ష ముందు స్నేహితురాలు కంగారు పడుతుంటే "నీ కోసం ప్రార్థన చేసుకోనా?" అని అడగవచ్చు. వద్దంటే ఊరుకోవచ్చు. క్రిస్మస్‌కు ఇంటికి పిలిచి కేకుతో సరిపెట్టకుండా, ఈ పండగ మాకెందుకో రెండు మాటల్లో చెప్పవచ్చు. స్నేహితుడు తన మాల గురించి, మొక్కు గురించి చెబితే అంతే శ్రద్ధగా వినాలి. వినడం రానివాడికి చెప్పే అర్హత లేదని మా పిల్లలకు ప్రతి ఏడూ చెబుతాను.

చెప్పుకుంటే నలుగురిలో వేరైపోతారనే బెంగకు మా పల్నాడులోనే జవాబుంది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ పేరులోనే బైబిలు ఉంది. ఆ పేరు మార్చుకోలేదు, కుదించుకోలేదు. ఆ పేరుతోనే కాశీ శివుడికి కబురు పంపే 'గబ్బిలం' రాశాడు, 'ఫిరదౌసి' రాశాడు, 'క్రీస్తు చరిత్ర' రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నాడు. పురాణాల మీద మక్కువేమిటని మనవాళ్ళు నొప్పించారు, కులం పేరుతో బయటివాళ్ళు అవమానించారు. అయినా తానెవరో చెప్పుకుంటూనే అందరి కవి అయ్యాడు. ఈ నేల మీద తన పేరుతో నిలబడినవాణ్ణి తెలుగు వదులుకోలేదు.

కాబట్టి పెద్దలారా, పిల్లలకు ధైర్యం చెప్పేముందు మనం ఒకటి చేయాలి. ఆఫీసులో, చేలో, రైతుబజారులో మన పక్కవాడికి మనం చెప్పామా? ఆదివారం ఎక్కడికెళ్ళారంటే "ఊరెళ్ళాం" అని తండ్రి ఫోనులో అంటుంటే పక్కనే ఉన్న కొడుకు వింటాడు. వాడికి వేరే పాఠం అక్కర్లేదు. పాస్టరు గారూ, యూత్ మీటింగులో పాటల పోటీలు తగ్గించి, కాలేజీలో ఎదురైన ప్రశ్నలు చెప్పమని పిల్లలకు అరగంట ఇవ్వండి. వాళ్ళను మీరు సమర్థించాల్సిన పనిలేదు, వింటే చాలు. నిజంగా హాని ఉన్న చోట మాట ఆపుకోమని చెప్పడమూ మన బాధ్యతే. కానీ నిప్పున్న చోటు చూపించి జాగ్రత్త చెప్పడం వేరు, ఇల్లంతా చీకటి చేయడం వేరు.

ఆ పిల్లకు నేనేం చెప్పానంటే: "ఉపవాసం సంగతి దేవుడు చూసుకుంటాడు తల్లీ. నువ్వు వెళ్ళి నీ స్నేహితురాలికి నిజం చెప్పు." సోమవారం చెప్పింది. ఆ స్నేహితురాలి ఇంట్లో శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటారు. "ఒక్కపొద్దంటే నాకు తెలీదా ఏంటే? ముందే చెబితే నీ ఎదురుగా కూర్చుని తినేదాన్నా?" అని కోప్పడిందట. మరుసటి శుక్రవారం మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని పక్క బెంచీకి వెళ్ళి, గబగబా తినేసి వచ్చి, గంట కొట్టేదాకా కబుర్లు చెబుతూ కూర్చుందట.

ఆ పిల్ల తల్లి ఇంకా భయపడుతూనే ఉంది. ఆమెను నేను తప్పు పట్టను. కానీ అమ్మా, మీరు ఏ లోకానికైతే జడిసి బిడ్డ నోరు మూశారో, ఆ లోకంలో మీ బిడ్డకు మొదట ఎదురైంది ఒక స్నేహితురాలు. నిజం చెబితే పోతుందనుకున్న ఆ స్నేహం నిజం చెప్పాకే గట్టిపడింది. రేపు బడికి పంపేటప్పుడు ఆ పైబొత్తాం సంగతి మీ అమ్మాయికి వదిలేయండి.